ఒత్తు లేని అమ్మ



వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాసివ్వండని వార్డెన్ సార్ నోటీసు బోర్డులో పెట్టిన రోజు మా తొమ్మిదో నంబర్ గదిలో పెద్ద చర్చే జరిగింది. ఒకడు కవిత అన్నాడు. ఒకడు జోకులన్నాడు. ఇంకొకడు చదువు విలువ మీద వ్యాసం అన్నాడు. అది ప్రతి ఏడూ ఎవరో ఒకరు రాస్తూనే ఉన్నారు. చివరికి మాలో అందరికన్నా తక్కువ మాట్లాడేవాడు చొక్కా చెయ్యి పైకి మడిచి, "దీని గురించి రాద్దాంరా, జూనియర్లకన్నా పనికొస్తది" అన్నాడు. ఆ చెయ్యి చూసి కాసేపు ఎవరం మాట్లాడలేదు. తర్వాత పెన్ను తీశాం.

మేము ఐదుగురం. అందులో నలుగురి ఒంటి మీద పచ్చబొట్టు ఉంది. ఐదోవాడు ఆ నలుగురి చేతులు పట్టుకొని కూర్చున్నవాడు. కాబట్టి ఇది ఐదుగురి కథ. పేర్లు రాయడం లేదు. ఎవరు ఎవరో హాస్టల్లో అందరికీ తెలుసు. బయటివాళ్ళకు తెలియాల్సిన పని లేదు.

అవ్వల చేతుల మీది బొమ్మలు

పచ్చబొట్టు మనకు కొత్త కాదు. మా ఊళ్ళలో ఏ అవ్వ ముంజేయి చూసినా తేలో, చుక్కల ముగ్గో కనిపిస్తుంది. గడ్డం మీద మూడు చుక్కలు, నుదుటి మీద ఒక గీత. పొడిచేది నల్లటి మసే అయినా తోలు కింద నుంచి ఆకుపచ్చగా, నీలంగా కనిపిస్తుంది. పచ్చబొట్టు అన్న పేరే దాని రంగు చెబుతోంది.

మాలో ఒకడి అవ్వ తన పచ్చబొట్టు సంగతి మాకు చెప్పింది. అప్పుడామెకు ఎనిమిదేళ్ళట. ఎరుకల ఆమె గంప నెత్తిన పెట్టుకొని వాడకు వచ్చేదట. దీపపు మసిని ఆకు పసరులో కలిపి, నాలుగైదు సూదులు దారంతో కట్ట కట్టి, పిల్ల చెయ్యిని తన మోకాళ్ళ మధ్య ఇరికించుకొని పొడిచేదట. కూలీగా గింజలు, పాత చీర ఇచ్చేవాళ్ళట.

"నొప్పి పుట్టలేదా అవ్వా?" అని అడిగాం.

"ఎందుకు పుట్టలేదు బిడ్డా, పానం పోయింది. గాని ఆమె పొడుసుకుంట పాట పాడేది. పాట ఆగినంక ఏడుద్దామని సూసిన. ఆ పాట ఆగనే లేదు" అని బోసి నోటితో నవ్వింది. నవ్వి, "ఏది రాకపోయినా గిదొక్కటే మనెంట కాటిదాకా వస్తది" అంది.

నొప్పిని ఎలా తట్టుకోవాలన్న దానికి మొదటి పాఠం ఆ పాటలోనే ఉంది. కానీ మేము ఆ అవ్వను అడిగింది అంతా అయిపోయాక. ముందే అడగాల్సినవి వెనక అడగడం మాకు అలవాటు. ఈ కథలో ఆ తప్పు ఇంకా రెండు మూడు సార్లు వస్తుంది, గమనించండి.

మా లైబ్రరీలో చదివిన మరో సంగతి. 1991లో ఆల్ప్స్ పర్వతాల మంచులో ఒక మనిషి శవం దొరికింది. సుమారు 5,300 ఏళ్ళ కిందటిది. అతన్ని ఓట్జీ అని పిలుస్తారు. అతని ఒంటి మీద 61 పచ్చబొట్లు లెక్కపెట్టారు. అన్నీ గీతలూ, కూడిక గుర్తులే. నడుము, మోకాలు, చీలమండ లాంటి చోట్ల ఎక్కువగా ఉన్నాయి. కీళ్ళ నొప్పులు తగ్గడానికి పొడిపించుకొని ఉంటాడని కొందరు శాస్త్రవేత్తల ఊహ. నొప్పి పోవడానికి నొప్పి పెట్టుకోవడం అంత పాత సంగతి అన్నమాట.

మా జాతర

మేము డిగ్రీ మొదటి సంవత్సరంలో ఉన్నప్పటి మాట. పెండ్లిళ్ళ సీజన్లో రాత్రిపూట క్యాటరింగ్‌కు పోయి వడ్డించేవాళ్ళం. రాత్రికి 500 రూపాయలు. ఆ డబ్బులతో పుస్తకాలు కొన్నామని రాస్తే బాగుంటుంది కానీ నిజం రాయాలి కదా. జాతరకు పోయి టాటూ వేయించుకోవాలని దాచిపెట్టుకున్నాం.

ఎవడు ఏం వేయించుకోవాలన్నది నెల రోజుల చర్చ. మాలో ఒకడు రన్నర్. మిలిటరీకి పోవాలని రోజూ తెల్లవారుజామున నాలుగున్నరకు లేచి కాలేజీ గ్రౌండులో పరిగెత్తేవాడు. 1600 మీటర్లు ఐదున్నర నిమిషాల లోపు కొట్టేవాడు. వాడు రెక్కలు చాపిన గద్ద కావాలన్నాడు. ఒకడు బాబాసాహెబ్ సంతకం కావాలన్నాడు. ఇంకొకడు తన ఇంగ్లీషు మొదటి అక్షరం. నాలుగోవాడికి, అంటే ఇందాక చొక్కా చెయ్యి మడిచినవాడికి, 'అమ్మ' అన్న రెండక్షరాలు కావాలి. వాళ్ళ నాన్న చిన్నప్పుడే పోయాడు. అమ్మ నాట్లకు, పత్తి ఏరడానికి పోయి వాణ్ణి చదివించింది. ఐదోవాడు, "నాకు సూదంటే భయం, నేను రాను" అన్నాడు. వాణ్ణి ఎంత వెక్కిరించామో ఇప్పుడు తలచుకుంటే సిగ్గేస్తుంది.

ఎక్కడ వేయించుకోవాలన్నదానికి సీనియర్ ఒకాయన సలహా ఇచ్చాడు. "జబ్బ మీద వేయించుకోండిరా, అక్కడ కండ ఉంటది, నొప్పి తక్కువ. ముంజేయి లోపల, మణికట్టు మీద అయితే చుక్కలు కనబడతయ్." అందులో నిజముంది. ఎముకకు దగ్గరగా తోలు పలచగా ఉండేచోట, మణికట్టు, మోచేయి, పక్కటెముకల మీద నొప్పి ఎక్కువ. కండ ఉన్న చోట తక్కువ. అందరం జబ్బనే ఖాయం చేసుకున్నాం.

జాతర రోజు పొద్దున హాస్టల్లో టిఫిన్ కూడా తినకుండా బయలుదేరాం. గుట్ట మీదికి ఎండలో నడిచాం. దర్శనం లైనులో మూడు గంటలు నిలబడ్డాం. అక్కడి నుంచి నేరుగా టాటూ వేసే చోటికి పోయాం. చెట్టు కింద ఒక బల్ల, దాని మీద బొమ్మల అట్టలు, కింద బ్యాటరీ, చేతిలో గుయ్యిమనే మిషను. ఆ కరెంటు మిషను మీద మొదటి పేటెంటు 1891లో న్యూయార్కుకు చెందిన శామ్యూల్ ఓరైలీ తీసుకున్నాడని తర్వాత చదువుకున్నాం. ఆ రోజు మాకు తెలిసింది ఆ చప్పుడొక్కటే. కందిరీగ చెవిలో దూరినట్టుండే చప్పుడు.

మొదట రన్నర్ కూర్చున్నాడు. పళ్ళు బిగబట్టి, ఊపిరి బిగబట్టి, చెమటలు కక్కుతూ గద్దను పూర్తి చేయించుకున్నాడు. లేచి, "ఏం కాదురా, చీమ కుట్టినట్టే" అన్నాడు. అది అబద్ధమని వాడి పెదవి మీది పంటి గాటు చెబుతూనే ఉంది. సంతకంవాడు వెనకాల పాటలు పెట్టమని గోల చేసి, కళ్ళు మూసుకొని కూర్చున్నాడు. మూడోవాడిది చిన్న అక్షరం, ఐదు నిమిషాల్లో అయిపోయింది.

'అమ్మ' కావాలన్నవాడు చివర. వాడు సూదినే చూస్తూ కూర్చున్నాడు. 'అ' అయింది. 'మ' అయింది. 'మ' కింద ఒత్తు మొదలుపెట్టబోతుండగా వాడి ముఖం తెల్లబోయింది. "చెవుల్ల ఏదో మోగుతుందిరా" అన్నాడు. అంతే, ఐదోవాడి ఒళ్ళో పడిపోయాడు. నీళ్ళు చల్లాం, సోడా తాగించాం. కాసేపటికి లేచాడు కానీ మళ్ళీ కూర్చునే ధైర్యం లేదు. మిషను ఆయన, "అక్షరాలైతే పడ్డయ్ గద" అని పూర్తి డబ్బులు తీసుకున్నాడు. అలా వాడి జబ్బ మీద ఒత్తు లేని అమ్మ మిగిలింది. 'అమ'.

ఆ రోజు మేము చూసీ చూడనట్టు వదిలేసిన సంగతి ఒకటుంది. నలుగురికీ ఒకే ప్లాస్టిక్ గిన్నెలోని రంగు. నలుగురినీ తుడిచింది ఒకే గుడ్డతో. సూది మార్చాడా? మేము చూడలేదు, అడగలేదు. అడిగితే భయపడుతున్నామనుకుంటాడని అడగలేదు.

దాచుకున్న నాలుగు రోజులు

జాతర ఆదివారం. సోమవారం రాత్రికి 'అమ' చెయ్యి ఎర్రగా వాచింది. అందరికీ కొద్దిగా వాపు, మంట ఉన్నాయి. అది మామూలే. సూది తోలు లోపలికి ఒకటి రెండు మిల్లీమీటర్లు దిగి, పైపొర దాటి రెండో పొరలో రంగు వదులుతుంది. పైపొర ఎప్పటికప్పుడు రాలిపోయి కొత్తది వస్తుంది. రెండో పొర అలా రాలదు కాబట్టే పచ్చబొట్టు ఎన్నేళ్ళైనా నిలుస్తుంది. అంటే పచ్చబొట్టు అంటే ముందు అదొక గాయం. మొదటి రెండు మూడు రోజులు వాపు, కొద్దిగా నీరు కారడం, తర్వాత పొక్కు కట్టడం, దురద, ఇవన్నీ గాయం మానే తీరు. ఎరుపు పాకుతూ పోవడం, చీము, జ్వరం మాత్రం మామూలు కాదు. ఆ తేడా మాకు తెలియదు.

మేము చేసిన వైద్యం వినండి. వంటశాలలో నుంచి పసుపు తెచ్చి కొబ్బరినూనెలో కలిపి పూశాం. మంట తగ్గలేదని టూత్‌పేస్టు పూశాం. మంగళవారం సంపులో నీళ్ళతో స్నానం చేశాం. బుధవారం వాడికి జ్వరం. దుప్పటి కప్పి పడుకోబెట్టి, హాజరు తీసుకునేటప్పుడు "తలనొప్పి సార్" అని చెప్పాం. గురువారం రాత్రి వాడు కలవరిస్తుంటే, సూదంటే భయమన్న ఐదోవాడే లేచిపోయి వార్డెన్ సార్ తలుపు తట్టాడు. మేము వద్దంటే వినలేదు.

ఎందుకు దాచాం? తిడతారని కొంత. ఇంటికి ఫోన్ చేస్తారని కొంత. కానీ అసలు కారణం అది కాదని ఇప్పుడనిపిస్తుంది. హాస్టల్లో పెరిగిన పిల్లలకు దాచుకోవడం చిన్నప్పుడే వస్తుంది. మూడో తరగతిలో ట్రంకు పెట్టెతో దిగిన రోజు, అమ్మ బస్సెక్కే దాకా ఏడుపు ఆపుకున్నవాళ్ళం. ఫోన్లో "తిన్నవా బిడ్డా" అంటే తినకపోయినా తిన్నానని చెప్పినవాళ్ళం. కాలికి ముల్లు దిగినా, కడుపులో నొప్పి లేచినా, అమ్మకు కూలి పోతుందని చెప్పనివాళ్ళం. దానికి మేము ఓర్పు అని పేరు పెట్టుకున్నాం. ఓర్చుకోవడం వేరు, దాచుకోవడం వేరు అని ఆ శుక్రవారం ప్రభుత్వ ఆసుపత్రిలో తెలిసింది.

డాక్టరమ్మ చెయ్యి చూసింది. మందులు రాసింది, ధనుర్వాతం రాకుండా ఇంజెక్షన్ ఇప్పించింది. తర్వాత మా నలుగురినీ నిలబెట్టి ఒకటే అడిగింది. "సూది మార్చాడా?"

ఎవరం జవాబు చెప్పలేదు.

"ఎప్పుడు వేయించుకున్నారు?"

"ఆదివారం మేడమ్."

ఆమె క్యాలెండరు వైపు చూసింది. "మూడు రోజుల్లోపు వచ్చి ఉంటే ఒక దారి ఉండేది కదరా" అంది. హెచ్ఐవి సోకే ప్రమాదం ఉందని డాక్టర్లకు అనిపిస్తే 72 గంటలలోపు మందులు మొదలుపెడతారట. 28 రోజులు వాడాలట. ఆ గడువు దాటితే ఇక పరీక్షలు చేయించుకుంటూ ఎదురుచూడటమే. మేము వచ్చింది ఐదో రోజు. గడువు దాటించింది ఆ మిషను ఆయన కాదు, బస్సు కాదు. మా దాపరికమే.

ఒకరి రక్తం అంటిన సూది మరొకరికి వాడితే హెచ్ఐవి ఒక్కటే కాదు, హెపటైటిస్ బి, సి కూడా రావచ్చు. హెపటైటిస్ బి వైరస్ ఒంటి బయట కూడా కనీసం ఏడు రోజులు బతికి ఉండగలదని ఆమె చెప్పినప్పుడు మాకు ఆ ప్లాస్టిక్ గిన్నె గుర్తొచ్చింది.

ఆసుపత్రిలో ఐసీటీసీ అనే గది ఉంటుంది. అక్కడ హెచ్ఐవి పరీక్ష ఉచితం. వివరాలు బయటకు చెప్పరు. ముందు కౌన్సెలర్ కూర్చోబెట్టి మాట్లాడుతుంది. అప్పుడే చేసిన పరీక్షలో ఏమీ లేదన్నారు. కానీ కొత్తగా సోకితే వెంటనే తెలియదు కాబట్టి మూడు నెలలకు మళ్ళీ రమ్మన్నారు. హెపటైటిస్‌కు ఆరు నెలలకు.

ఆ ఆరు నెలలు మేము ఎలా గడిపామో రాయడానికి మాటలు చాలవు. సూది నొప్పి గంట. ఇది రోజూ ఉండే నొప్పి. స్టడీ అవర్లో పుస్తకం తెరిస్తే అదే కనిపించేది. గదిలో అందరం ఒకే రేజరు వాడేవాళ్ళం, ఆ రోజు నుంచి ఎవరిది వాళ్ళదే. కాలేజీలో రక్తదాన శిబిరం పెడితే మేము పక్కకు తప్పుకున్నాం. పచ్చబొట్టు వేయించుకున్నవాళ్ళు ఏడాది పాటు రక్తం ఇవ్వకూడదన్నది నిబంధన. అందరూ ఎందుకిస్తలేరని అడిగితే ఏదో చెప్పి తప్పించుకున్నాం. ఒక్క ఐదోవాడు మాత్రం మాతో ఒకే పళ్ళెంలో తినడం మానలేదు. కలిసి తింటే, కలిసి పడుకుంటే ఈ జబ్బు రాదని కౌన్సెలర్ చెప్పిన మాట వాడికి చాలింది. మూడు నెలలకు, ఆరు నెలలకు ఏమీ లేదని కాగితం చేతికిచ్చినప్పుడు మాకన్నా ముందు వాడే ఏడ్చాడు.

నొప్పి తక్కువని ఎంచుకున్న చోటు

ఇక గద్ద సంగతి. మా రన్నర్ అగ్నివీర్‌కు దరఖాస్తు చేశాడు. ఆన్‌లైన్ పరీక్ష పాసయ్యాడు. హాస్టలంతా చప్పట్లు కొట్టింది. ర్యాలీకి పోయే ముందు ఏమేం కాగితాలు కావాలో చూద్దామని ఒక రాత్రి గదిలో నోటిఫికేషన్ మొదటి నుంచి చివరిదాకా చదివాం. దరఖాస్తు చేసిన రోజు నెట్ సెంటర్లో చదవకుండానే నింపేశాం. అందులో టాటూల గురించి ఒక పేరా ఉంది. శాశ్వతమైన పచ్చబొట్లు ముంజేయి లోపలి వైపు, అంటే మోచేయి లోపలి నుంచి మణికట్టు వరకు, లేదా అరచేతి వెనక వైపు మాత్రమే ఉండవచ్చు. ఒంటి మీద ఇంకెక్కడ ఉన్నా తీసుకోరు. ఆచారం ప్రకారం పొడిపించుకునే ఆదివాసీ తెగల అభ్యర్థులకు మాత్రం సడలింపు ఉంది.

చదువుతున్నవాడు ఆ వాక్యం దగ్గర ఆగిపోయాడు. నొప్పి ఎక్కువని మేము వద్దనుకున్న ముంజేయికి అనుమతి ఉంది. నొప్పి తక్కువని ఎంచుకున్న జబ్బకు లేదు.

అయినా మర్నాడు వాడు నాలుగున్నరకు లేచి పరిగెత్తాడు. ర్యాలీకీ పోయాడు. పరుగులో ముందు వచ్చినవాళ్ళలో ఉన్నాడు. చొక్కా విప్పినప్పుడు గద్ద కనబడింది. అంతే. ఎవరినీ ఏమీ అనడానికి లేదు. నిబంధన ముందు నుంచీ ఉంది. అడగనిది మేమే. లేజరుతో తీయించుకోవచ్చని కొందరన్నారు. విచారిస్తే, అది ఒక్కసారితో పోదు. వారాల ఎడంతో ఎన్నోసార్లు పోవాలి. ఖర్చు వేసినదానికన్నా ఎన్నో రెట్లు, నొప్పీ తక్కువ కాదు. పూర్తిగా పోతుందన్న నమ్మకమూ లేదు. వచ్చిన రాత్రి వాడు అన్న మాట ఇదొక్కటే: "ఆ రోజు చీమ కుట్టినట్టే అన్నగదరా. ఇయ్యాల తెలిసింది ఎంత నొప్పో."

ఒత్తు పడిన రోజు

'అమ' సంగతి చెప్పి ముగిస్తాం. వాడు సెలవులకు ఇంటికి పోయినప్పుడు వాళ్ళమ్మ చెయ్యి చూసింది. ఆమెకు చదువు రాదు. "ఏం రాపిచ్చినవ్ బిడ్డా?" అంది. "అమ్మ అని" అన్నాడు. ఆమె వేళ్ళతో తడిమి చూసింది. "నొచ్చిందా?" అంది. "లేదమ్మా" అన్నాడు. ఒత్తు లేదని ఆమెకు తెలియదు. జ్వరమొచ్చిందని తెలియదు. వాడికి ఆ రెండు అబద్ధాలూ రెండో ముల్లులా గుచ్చుకున్నాయి. హాస్టల్లో అందరూ 'అమ' అని పిలుస్తుంటే పైకి నవ్వేవాడు.

పరీక్షలన్నీ అయిపోయి ఏడాది దాటాక ఒత్తు పూర్తి చేయిస్తానన్నాడు. ఈసారి తొందర పడలేదు. డాక్టరమ్మను అడిగాం. వార్డెన్ సార్‌కు చెప్పాం. ఆయన తిడతారనుకుంటే, "నేనూ వస్తా పదండి" అన్నారు. జిల్లా కేంద్రంలో శుభ్రంగా ఉండే ఒక షాపుకు పోయాం. అక్కడ ఆయన అడిగిన మొదటి ప్రశ్న, "పద్దెనిమిది నిండాయా?" రెండో ప్రశ్న, "ఏమన్నా తిన్నావా?"

మొదటిసారి వాడు ఎందుకు పడిపోయాడో అప్పుడర్థమైంది. ఖాళీ కడుపు, ఎండ, నీళ్ళు తాగకపోవడం, దానికి తోడు భయం. రక్తపోటు ఒక్కసారిగా పడిపోతే మెదడుకు రక్తం తగ్గి కళ్ళు తిరుగుతాయి. అది పిరికితనం కాదు, ఒంటి తీరు. కళ్ళు తిరుగుతున్నట్టనిపిస్తే వెంటనే చెప్పి పడుకోవాలి, కాళ్ళు కొంచెం ఎత్తులో పెట్టాలి. ఈసారి వాడు రాత్రి బాగా నిద్రపోయి, పొద్దున హాస్టల్లో నాలుగు ఇడ్లీలు తిని, నీళ్ళు తాగి వచ్చాడు. వాణ్ణి కుర్చీలో కాక బల్ల మీద పడుకోబెట్టారు. ఆయన చేతులు కడుక్కొని గ్లవ్స్ వేసుకున్నాడు. కొత్త సూది ప్యాకెట్టు మా ముందే చించాడు. కొత్త చిన్న మూతలో రంగు పోశాడు.

నొప్పి తెలియకుండా క్రీము ఏమన్నా ఉందా అని మేము అడిగాం. "ఇంత చిన్నదానికి వద్దు" అన్నాడు. తిమ్మిరి పుట్టించే మందు ఎక్కువ పాళ్ళలో ఉన్న క్రీములు ఒళ్ళంతా పూసుకుంటే గుండె లయ తప్పడం, ఫిట్స్ లాంటివి రావచ్చట. అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ కూడా టాటూల కోసం అమ్మే అలాంటి కొన్ని క్రీముల గురించి 2024 మార్చిలో హెచ్చరించింది. డాక్టరును అడగకుండా ఆస్పిరిన్ లాంటి మాత్రలు వేసుకోవడమూ మంచిది కాదు, రక్తం పలచబడి ఎక్కువ కారుతుంది. మందు తాగి పోవడం అంతకన్నా తప్పు.

మరి నొప్పిని ఎలా తట్టుకున్నాడు? ఊపిరి బిగబట్టవద్దని ఆయన చెప్పాడు. బిగబడితే కండ బిగుస్తుంది, నొప్పి పెరుగుతుంది. ముక్కుతో పీల్చి, నోటితో మెల్లగా, పీల్చినదానికన్నా ఎక్కువసేపు వదలమన్నాడు. మిషను పెట్టే ముందు చెబుతానని, ఆపమంటే ఆపుతానని మాటిచ్చాడు. ఆ మాటతోనే సగం భయం పోయింది. ఐదోవాడు వాడి రెండో అరచెయ్యిని గట్టిగా రుద్దుతూ కూర్చున్నాడు. దెబ్బ తగిలిన చోటి చుట్టూ మనం చెయ్యితో రుద్దుకుంటాం కదా, దాని వెనక శాస్త్రం ఉంది. రుద్దిన స్పర్శ వెన్నుపాములో నొప్పి కబురుకు అడ్డుపడుతుందని 1965లో మెల్‌జాక్, వాల్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు చెప్పారు. దాన్ని గేటు సిద్ధాంతం అంటారు. రెండో చెయ్యిని రుద్దితే ఆ గేటు పడుతుందో లేదో కానీ, పక్కన మనిషున్నాడన్న ధైర్యం మాత్రం వస్తుంది. మేము ముగ్గురం అవ్వ చెప్పిన సంగతి గుర్తొచ్చి, హాస్టల్ డే పాటలు వరసబెట్టి పాడాం. వార్డెన్ సార్ గొంతు కూడా కలిపారు. ఎరుకల ఆమెకు తెలిసిన విద్య ఇదే. మనసు ఇంకోచోట ఉంటే నొప్పి చిన్నదవుతుంది.

పది నిమిషాల్లో ఒత్తు పడింది. నొప్పి లేదని వాడు అనలేదు. "మంటగుంది, ఒక్క నిమిషం ఆపన్నా" అని రెండుసార్లు అడిగాడు. ఆయన రెండుసార్లూ ఆపాడు. అడిగితే ఆపుతారన్న సంగతి మాకు అంతకుముందు తెలియనే తెలియదు. ఇంటికొచ్చాక శుభ్రమైన నీళ్ళతో, ఘాటు లేని సబ్బుతో మెల్లగా కడిగి, మెత్తటి గుడ్డతో అద్దుకున్నాడు. పొక్కు గీకలేదు. మానేదాకా బావిలో ఈత లేదు. వారం దాటేసరికి దురద కూడా తగ్గిపోయింది.

ఆ పండక్కి ఇంటికి పోతే వాళ్ళమ్మ మళ్ళీ తడిమి చూసిందట. "మల్ల పొడిపిచ్చినవా? నొచ్చిందా బిడ్డా?" అందట.

"నొచ్చిందమ్మా" అన్నాడట. మొదటిసారి ఏం జరిగిందో, జ్వరం సంగతి, ఆసుపత్రి సంగతి, ఆరు నెలలు పడ్డ భయం, అంతా కూర్చోబెట్టి చెప్పాడట. ఆమె తిట్టలేదట. "గప్పుడే జెప్తే నేను రాకపోదునా" అని కొంగుతో ముఖం తుడుచుకుందట. ఇది వాడు మాకు చెప్పిన రాత్రి మా గదిలో ఐదుగురం ఎవరి ఇంటికి వాళ్ళం ఫోన్ చేశాం.

తమ్ముళ్ళకు నాలుగు మాటలు

పచ్చబొట్టు వేయించుకోమని గానీ, వద్దని గానీ మేము చెప్పం. పద్దెనిమిది నిండేదాకా ఆ ఆలోచన పెట్టుకోకండి. తర్వాత వేయించుకోవాలనిపిస్తే, మీరు పోవాలనుకుంటున్న ఉద్యోగం నోటిఫికేషన్ ముందు చదవండి, చోటు తర్వాత ఎంచుకోండి. తిని పోండి, నీళ్ళు తాగి పోండి, తోడు ఒకరిని తీసుకుపోండి. కొత్త సూది మీ కళ్ళ ముందు తెరవమని అడగండి. తెరవనంటే లేచి వచ్చేయండి. అడగడం పిరికితనం కాదు. మా ఐదుగురిలో ధైర్యవంతుడు సూదంటే భయపడినవాడే. అర్ధరాత్రి తలుపు తట్టింది వాడే కదా.

అన్నిటికన్నా ముఖ్యమైనది, నొప్పి వస్తే చెప్పండి. అది చెయ్యి నొప్పి కావచ్చు, మనసు నొప్పి కావచ్చు. వార్డెన్ సార్‌కో, వంట అక్కకో, పక్క మంచం వాడికో చెప్పండి. ఓర్చుకోండి, కానీ దాచుకోకండి. చెప్పుకున్నాక ఓర్చుకోవడం తేలిక.

మా రన్నర్ ఇప్పుడు వేరే ఉద్యోగ పరీక్షలకు చదువుతున్నాడు. రోజూ తెల్లవారుజామున నాలుగున్నరకు గ్రౌండులో జూనియర్లకు పరుగు నేర్పుతున్నాడు. కొత్తగా వచ్చినవాళ్ళను మొదటి రోజే చొక్కా చేతులు మడవమంటాడు. ఏమీ లేని జబ్బలు చూసి, "మంచిది, ఉరుకుండ్రి" అంటాడు.

ఇట్లు
మీ తొమ్మిదో నంబర్ గది మిత్రులు